రుషికొండ నీటితో పగడాల తొట్టి నిలుస్తుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, మధురవాడ. పదేళ్ళుగా ఇంట్లో గోల్డ్‌ఫిష్‌నూ, ఏంజెల్ చేపలనూ పెంచుతున్నాను. సింగపూర్‌లో మా అబ్బాయి స్నేహితుడి ఇంట పగడాలున్న ఉప్పునీటి తొట్టిని చూసినప్పటి నుంచి అలాంటిది మా హాల్లోనూ ఉండాలనిపిస్తోంది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తుతో తొట్టి చేయించాను. రుషికొండ దగ్గరే కనుక క్యాన్లతో సముద్రపు నీరు తెచ్చి పోస్తే సరిపోదా? పగడాలు ఎక్కడ దొరుకుతాయి? వారం రోజులు నీళ్ళు తిరగనిచ్చి ఎనిమిది చేపలు వేసుకోవచ్చునని షాపువారు చెబుతున్నారు, నిజమేనా? సంక్రాంతికి పది రోజులు ఊరు వెళతాం, అప్పుడు వాటి సంగతి ఏమిటి?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

సమాధానం: మాస్టారికి నమస్కారం. మీ మొదటి ప్రశ్నకే ఎక్కువ చోటు ఇస్తున్నాను. సముద్రం పక్కనే ఉందన్న ధీమాతో ఈ పని మొదలుపెట్టి, ఏడాది తిరక్కుండానే తొట్టిని అటకెక్కించినవారిని మన ఊళ్ళో చాలామందిని చూశాను. పదిహేనేళ్ళ కిందట నేనూ అదే ధీమాతో రెండు క్యాన్లు స్కూటరుకు కట్టుకుని బీచికి వెళ్ళినవాడినే.

మీరు సింగపూర్‌లో చూసిన తొట్టిలోని సముద్రం మన కిటికీలోంచి కనిపించే సముద్రం కాదు. పగడాలకు ఉప్పదనం మారని నీరు, పోషకాలు తక్కువగా ఉన్న నీరు కావాలి. పగడపు దిబ్బల మధ్య కిలో నీటికి 35 గ్రాముల చొప్పున ఉండే లవణాలు ఏడాది పొడవునా పెద్దగా అటూ ఇటూ కావు. విశాఖ తీరంలో అలా ఉండదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది వర్షాకాలంలో బంగాళాఖాతంలో కుమ్మరించిన మంచినీరంతా అక్టోబరు, నవంబరు నెలల్లో తీరం వెంబడి దక్షిణానికి సాగే ప్రవాహంతో మన ముందు నుంచే పోతుంది కనుక, ఆ రోజుల్లో పైపొర నీటి ఉప్పదనం 30 కంటే కిందికి దిగిపోతుంది. వేసవి మొదట్లో గాలుల వల్ల లోతు నీరు పైకి వచ్చి పోషకాలను మోసుకొస్తుంది. వేటకు వెళ్ళేవారికి అది మంచి కాలమే కానీ, ఆ నీటిని తొట్టిలో పోస్తే మొదట బాగుపడేది నాచు. మురుగుకాల్వల సంగతి, ఓడరేవు సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. మన దేశంలో పగడపు దిబ్బలు ప్రధానంగా కచ్, మన్నార్ సింధుశాఖలకూ, పాక్ అఖాతానికీ, లక్షద్వీపాలకూ, అండమాన్ నికోబార్ దీవులకూ పరిమితమై, ఆంధ్ర తీరంలో చెప్పుకోదగ్గ దిబ్బ ఒక్కటీ లేకపోవడానికి నదులు తెచ్చే ఈ మంచినీరు, ఒండ్రుమట్టే ముఖ్య కారణం. పగడాలు తమంతట తాము రాని నీటిని మనం ఇంటికి మోసుకొచ్చి వాటిని అందులో ఉండమంటున్నాం.

భీమిలి వైపు తీరం వెంబడి రొయ్యల హేచరీలు చూసే ఉంటారు. ఇరవై నాలుగు గంటలూ సముద్రం పక్కనే ఉండే వారు కూడా తోడిన నీటిని నేరుగా వాడరు. ఇసుక గుండా వడకట్టి, క్లోరిన్‌తో శుద్ధి చేసి, ఆ క్లోరిన్ పోయిందని నిర్ధారించుకున్నాకే పిల్లల తొట్లలోకి వదులుతారు. హాల్లో కూర్చుని మనం చేయగలిగిన పని కాదది.

కాబట్టి అక్వేరియంల కోసం తయారుచేసిన సముద్ర లవణాల మిశ్రమాన్ని కొని, శుద్ధమైన నీటిలో కలుపుకోవడం ఒక్కటే దారి. వంటింటి కల్లుప్పు పనికిరాదా అని మరో పాఠకురాలు లోగడ అడిగారు, పనికిరాదు. నౌపడ ఉప్పు మడుల్లో సముద్రపు నీరు ఎండుతున్నప్పుడు కాల్షియం లవణాలు ముందే విడిపోతాయి, మెగ్నీషియం చివర మిగిలే చేదునీటిలో ఉండిపోతుంది, నడుమ గట్టిపడి మన వంటింటికి వచ్చేది దాదాపు అంతా సోడియం క్లోరైడే. పగడం తన గూడు కట్టుకునేది ఆ విడిపోయిన కాల్షియంతోనే. మీ తొట్టి నిండా పోస్తే 190 లీటర్లు పడుతుంది, రాళ్ళూ ఇసుకా పోను 160 లీటర్ల నీరు నిలుస్తుంది, దానికి దాదాపు ఆరు కిలోల మిశ్రమం కావాలి. నీరు కుళాయిది కాకూడదు, బోరుది అసలే కాకూడదు. ఇంట్లో ఆర్వో యంత్రం ఉంది కదా అంటారేమో, తాగేనీటి యంత్రాలు రుచి కోసం కొంత పచ్చినీటిని తిరిగి కలుపుతాయి కనుక వాటి నుంచి వచ్చే నీటిలో లవణాలు మిగిలే ఉంటాయి. ఆర్వో తరువాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఅయనైజేషన్ రెజిన్ గొట్టం ఒకటి బిగించి, నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరులో సున్నా కనిపించిన నీటినే వాడండి. ఉప్పదనాన్ని కొలవడానికి రిఫ్రాక్టోమీటరు కొనండి, దాన్ని 35 ప్రమాణ ద్రావణంతో అప్పుడప్పుడు సరిచూసుకోండి. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటరు మీద బుడగ అంటుకుంటే చాలు, అబద్ధం చెబుతుంది.

ఇక్కడే మంచినీటి తొట్టి అలవాటు ఒకటి మీరు వదులుకోవాలి. నీరు తగ్గినప్పుడు అందులో పోయవలసింది ఉప్పునీరు కాదు, శుద్ధమైన మంచినీరు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. మూడడుగుల తొట్టిలో రోజుకు నాలుగు లీటర్లు ఆవిరైందనుకుందాం. మూడు రోజులు పట్టించుకోకపోతే 160 లీటర్లు 148 అవుతాయి, 35 ఉన్న ఉప్పదనం దాదాపు 38కి చేరుతుంది. చేప ఓర్చుకుంటుంది, పగడం ముడుచుకుపోతుంది. ఫ్లోట్ ఉన్న చిన్న ఆటోమేటిక్ టాపప్ పంపును మొదటి రోజు నుంచే అమర్చుకోండి, మీ సంక్రాంతి ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

పగడాల విషయంలో ముందు చట్టం చెప్పాలి. గూడు కట్టే గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, నిప్పు పగడాలు, గొట్టాల వంటి ఎర్ర ఆర్గన్‌పైప్ పగడం, సముద్రపు విసనకర్రలు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేరాయి. అంటే చట్టం దృష్టిలో అవి పులితో సమానం. మన సముద్రాల నుంచి తీసిన గట్టి పగడం బతికున్నదైనా, ఎండిన ముక్కైనా, బజారులో ‘లైవ్ రాక్’ పేరుతో అమ్మే దిబ్బ రాయైనా ఇంట్లో పెట్టుకోవడం నేరమే, శిక్ష మూడేళ్ళకు తగ్గని జైలు. రామేశ్వరం నుంచి తెప్పిస్తామని మీకు ఎవరైనా చెబితే ఆ షాపు మెట్లు దిగి వచ్చేయండి. విదేశాల గట్టి పగడాల వ్యాపారం కూడా, అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద అనుమతులతోనే సాగాలి, కనుక దిగుమతి కాగితాలు చూపించలేని దాన్ని ముట్టుకోకండి. (ఉంగరంలో కుజుడికి పెట్టే ఎర్ర పగడం వేరు. అది ప్రధానంగా మధ్యధరా సముద్రపు లోతుల్లో, వెలుతురు అంతగా చొరబడని చోట పెరిగే జీవి. దిబ్బలు కట్టదు, మీ తొట్టిలో బతకదు.)

అయితే మీ కోరిక తీరే దారి లేకపోలేదు. గట్టి గూడు లేని మెత్తని జాతులు, అంటే పుట్టగొడుగు పగడాలు, బిళ్ళల్లా గుంపుగా పెరిగే జొయాంథస్‌లు, తోలు పగడాల వంటివి ఆ నిషేధ పట్టికలోని పేర్లలో లేవు. వీటిని ముక్కలు చేసి తొట్లలోనే పెంచి ఇచ్చేవారి దగ్గర తీసుకుని, ఎక్కడివో రాతపూర్వకంగా అడిగి దగ్గర ఉంచుకోండి, సందేహం ఉంటే అటవీశాఖ కార్యాలయంలో అడగండి. నిజానికి కొత్తవారికి ఇవే తగినవి. గట్టి పగడాల తొట్టి చట్టం ఒప్పుకున్న దేశంలో ఉన్నా, మొదటి రెండేళ్ళు మెత్తని వాటితోనే గడపమని చెప్పేవాణ్ణి. దిబ్బ రాళ్ళకు బదులు అక్వేరియం కోసం చేసిన సిరామిక్ రాళ్ళు వాడండి. వాటి రంధ్రాల్లో బాక్టీరియా నిలవడమే మనకు కావలసింది.

జొయాంథస్‌ల గురించి ఒక హెచ్చరిక చేయక తప్పదు. వీటిలోనూ, వీటి దగ్గరి బంధువులైన పాలిథోవాల్లోనూ కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే ప్రాణాంతక విషం ఉంటుంది. చేతిలో కోతగాయం ఉండగా వాటిని ముట్టుకోకూడదు, కత్తిరించేటప్పుడు చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు తప్పనిసరి, అవి అంటుకున్న రాయిని శుభ్రం చేద్దామని వేడినీళ్ళలో మాత్రం ఎన్నడూ వేయకూడదు. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో ఉన్నాయి. సెలవులకు మనవలు వస్తారు కనుక తొట్టికి మూత, మూతకు గొళ్ళెం ఉండనివ్వండి.

షాపువారి వారం రోజుల గడువు తప్పు. చేపల విసర్జనల నుంచి వచ్చే అమోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మార్చాలి, ఆ రెండు కాపురాలూ రాళ్ళ మీద స్థిరపడడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపను వేసి ఈ పని చేయించడం ఆ చేపను ఊపిరాడనివ్వకుండా చంపడమే. ఖాళీ తొట్టిలో అక్వేరియం కోసం అమ్మే అమోనియా ద్రావణాన్ని లీటరుకు 2 మిల్లీగ్రాములు వచ్చేలా కలిపి, బాక్టీరియా సీసా ఒకటి వంచి, రెండు మూడు రోజులకోసారి పరీక్షించండి. వేసిన అమోనియా, దాని నుంచి పుట్టిన నైట్రైట్ రెండూ ఒక్క రోజులో సున్నా అయిననాడు తొట్టి సిద్ధమైనట్టు. ఆ తరువాత కూడా మూడు నాలుగు నెలలు తొట్టి చూడ్డానికి బాగుండదు. ముందు గోధుమరంగు పొడి పరుచుకుంటుంది, తరువాత జుట్టులాంటి పచ్చనాచు, ఒక్కోసారి ఎర్రని జిగురుపొర. ఇంటికొచ్చినవాళ్ళు పలకరింపుగా ఏదో ఒకటి అంటారు. మందులు పోయకండి, నత్తలను వేసి, మేత తగ్గించి, ఓపిక పట్టండి.

పరికరాల గురించి క్లుప్తంగా చెబుతాను. తొట్టి కింద బీరువాలో మరో చిన్న తొట్టి పెడతారు, దాన్నీ ‘సంప్’ అనే అంటారు కానీ మన వాకిట్లో భూమిలోని సంప్ కాదిది. అందులో నురుగు రూపంలో మురికిని లాగే స్కిమ్మర్, నీటిని పైకి పంపే పంపు ఉంటాయి. పై తొట్టిలో నీటిని కలియబెట్టే వేవ్‌మేకరు ఒకటి, నీలం వెలుగు ఎక్కువగా ఉన్న ఎల్‌ఈడీ దీపం ఒకటి చాలు. దీపాన్ని రోజుకు ఎనిమిది గంటలకు మించి వెలిగించనక్కర్లేదు. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా చూస్తే, వైరు వెంట జారిన ఉప్పునీరు ప్లగ్గులోకి పోకుండా అక్కడే బొట్లుగా రాలుతుంది. లైనుకు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించకుండా మాత్రం తొట్టిలో చెయ్యి పెట్టకండి.

మన ఊళ్ళో ఈ తొట్లు పోయేది ఎక్కువగా వేసవి వేడికీ, కరెంటు కోతకీ. పగడం ఒంట్లో కంటికి కనిపించని శైవలాలు కాపురం ఉంటాయి. అవి వెలుతురుతో ఆహారం తయారుచేసి పగడానికి పెడతాయి. నీరు మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిచినా ఆ కాపురం చెడుతుంది, పగడం వాటిని బయటకు నెట్టి తెల్లబడుతుంది. 1998, 2010, 2016 సంవత్సరాల్లో మన లక్షద్వీపాల్లోని దిబ్బలు తెల్లబడింది ఇలాగే. మీ తొట్టిలో నీరు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి, మే నెలలో మీ హాలు 33 ఉంటుంది, దీపమూ పంపులూ కలిసి దాని మీద మరో రెండు డిగ్రీలు చేరుస్తాయి. హైదరాబాదు వంటి పొడి ఊళ్ళో నీటి మీదికి ఫ్యాను తిప్పితే ఆవిరై చల్లబడుతుంది. విశాఖ గాలిలో ఉక్క ఎక్కువ కనుక ఆ ఉపాయం అరకొరగానే పనిచేస్తుంది. నీటిని చల్లబరిచే యంత్రం, అంటే చిల్లరు కొనవలసిందే, లేదా ఆ గదికి రాత్రింబవళ్ళు ఏసీ ఉండవలసిందే. చిల్లరు లాగిన వేడిని గదిలోకే వదులుతుంది కనుక దాన్ని మూసిన బీరువాలో పెట్టకండి. తొట్టి గాజు చేయించడంతో ఖర్చు అయిపోయిందనుకున్న వారికి ఈ మాట రుచించదు, కానీ చిల్లరుకు డబ్బు కూడేదాకా నీళ్ళు పోయవద్దనే నా సలహా.

నా మొదటి తొట్టి నాలుగేళ్ళు బాగా నడిచింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. మా వీధికి కరెంటు రావడానికి రోజులు పట్టింది, ఇన్వర్టరు మీద ఇంట్లో దీపాలూ, ఫ్యానూ, ఫోన్లూ ఉన్నాయి, తొట్టి లేదు. రెండో రోజు పొద్దునకే చేపలు పైకి తేలాయి. పంపులు ఆగితే నీటిలో ప్రాణవాయువు కరగడం తగ్గుతుందనీ, రాళ్ళలోని బాక్టీరియా ఆ ఉన్న కాస్తా తాగేస్తుందనీ నాకు తెలియక కాదు, ఆ రాత్రి పైకప్పు గురించే తప్ప తొట్టి గురించి ఆలోచించలేదు. అప్పటి నుంచి వేవ్‌మేకరు ఒక్కదానికి ఇన్వర్టరు నుంచి విడిగా లైను ఉంది. అది 20 వాట్లే తింటుంది. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో సగమే వాడుకుంటామనుకున్నా, ఇంట్లో మిగతావన్నీ ఆపితే ఒక రోజు పైనే నడుస్తుంది. దీపం, స్కిమ్మర్ ఆగినా ఆ కాసేపటికి ఏమీ కాదు. సెల్లుతో నడిచే గాలి పంపు ఒకటి సొరుగులో ఉంచుకోండి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు మేత వేయకండి.

ఎనిమిది చేపలు మీ తొట్టికి ఎక్కువ, నాలుగు చాలు. రెండు క్లౌన్‌ఫిష్‌లతో మొదలుపెట్టండి. వీటి పిల్లలను తొట్లలోనే పుట్టించే పద్ధతులను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రూపొందించి చాలా ఏళ్ళయింది, అలా పుట్టినవే కావాలని అడగండి. సముద్రంలో పట్టినవాటి కంటే అవి మేతకు తొందరగా అలవాటుపడతాయి. వాటికి సముద్రపు పువ్వు (సీ ఎనిమోన్) తోడుండాలన్నది సినిమా చూసినవారి భ్రమ, అది లేకున్నా హాయిగా ఉంటాయి. చిన్నవి రెండు తెస్తే జంట కలిసిందా అని వెతకనక్కర్లేదు. అన్నీ మగవిగానే పుట్టి, జోడులో పెద్దది ఆడదిగా మారుతుంది. తోడుగా ఒక గోబీ, ఒక బ్లెన్నీ వేసుకోవచ్చు. మీ అబ్బాయి స్నేహితుడింట మీరు చూసి ఉండగల నీలం టాంగ్ అడుగు దాకా పెరుగుతుంది, మూడడుగుల తొట్టి దానికి జైలు. మాండరిన్ చేప అందానికి లొంగకండి, అది తినే సూక్ష్మజీవులు కొత్త తొట్టిలో ఉండవు, కళ్ళెదుటే ఎండిపోతుంది. ఏ చేపనైనా నాలుగు వారాలు వేరే చిన్న తొట్టిలో ఉంచి, తెల్లమచ్చ వంటి జబ్బులు లేవని తేలాకే అసలు తొట్టిలో వేయండి. ఆ జబ్బుకు వాడే రాగి మందు అసలు తొట్టిలో పడితే నత్తలూ రొయ్యలూ చస్తాయి.

తొట్టి కుదురుకున్నాక పని ఎక్కువ ఉండదు. రోజూ ఐదు నిమిషాలు ఉష్ణోగ్రత చూసి, గాజు తుడిచి, చేపలు రెండు నిమిషాల్లో తినగలిగినంత మేత వేయాలి. వారానికోసారి 16 లీటర్ల నీరు తీసి, ముందురోజే కలిపి అదే వేడికి తెచ్చిన కొత్త ఉప్పునీరు పోయాలి. అదే రోజు క్షారత, నైట్రేట్, ఫాస్ఫేట్ కొలిచి పుస్తకంలో రాసుకోండి. హాజరుపట్టీ రాసిన చేతికి ఇది కష్టం కాదు. క్షారత 8, 9 డీకేహెచ్‌ల (క్షారతను కొలిచే ప్రమాణం) మధ్య నిలకడగా ఉంటే మెత్తని పగడాల తొట్టిలో కాల్షియం గురించి విడిగా బెంగపడనక్కర్లేదు, నీటి మార్పిడే సర్దేస్తుంది. నైట్రేట్ లీటరుకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు ఉండనివ్వండి. మంచినీటి అలవాటుతో దాన్ని సున్నాకు దించాలని చూస్తారు చాలామంది. సున్నా నీటిలో పగడాలు ఆకలితో పాలిపోతాయి, డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవుల జిగురు రాళ్ళను కమ్ముకుంటుంది, దాన్ని వదిలించుకోవడం నాచును వదిలించుకోవడం కంటే కష్టం.

ఇంకో మాట, మీరు అడగనిది. నీరు, గాజు, రాళ్ళు, సంప్ కలిసి మీ తొట్టి మూడు వందల కిలోలకు దగ్గరగా తూగుతుంది. టీవీ బల్ల మీద పెట్టాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. కిటికీ ఎండ పడని గోడ పక్కన, ఇనుప చట్రం మీద, మట్టం చూసి నిలపండి.

ఊరు వెళ్ళినప్పుడు తాళం ఇచ్చి వెళ్ళే పొరుగువారికి మేత డబ్బా ఇవ్వకండి. ప్రేమకొద్దీ గుప్పెడు వేస్తారు, మీరు వచ్చేసరికి నీరు పాలలా ఉంటుంది. మాత్రలు సర్దుకునే వారపు పెట్టెలో ఏ రోజు మేత ఆ రోజు గడిలో వేసి, రెండు రోజులకో గడి ఖాళీ చేయమని చెప్పండి, డబ్బా బీరువాలో పెట్టి తాళం వేయండి. పది రోజులకు సరిపడా మంచినీరు టాపప్ పీపాలో ఉందో లేదో చూసుకుని వెళ్ళండి. ఈ కార్తీకంలో చిల్లరు తెచ్చి నీళ్ళు కలపడం మొదలుపెడితే, ఈ సంక్రాంతికి మీ తొట్టిలో రాళ్ళూ బాక్టీరియా తప్ప మరేమీ ఉండకూడదు. కాబట్టి ఈసారికి పొరుగువారిని ఇబ్బంది పెట్టే పని కూడా లేదు, పీపా నింపి బస్సెక్కండి.